బొమ్మలు చెక్కెటోని కొడుకు

కాజీపేట దర్గా తొవ్వల
రైలు కట్టకు ఇవతల రేకుల కింద నా దుకాణం.
బోర్డు లేదు. సుత్తె సప్పుడే బోర్డు.

అక్షరాలు నాకు రావు.
అక్షరాల లోతు వచ్చు.
కాగితం మీద రాసిస్తే
గోటితోని తడిమి నల్లరాతిలకు దించుత.
తెలుగైతే ఎడమ దిక్కు కూసుంట,
ఉర్దూ అయితే కుడి దిక్కు.

ఈ ఎండకాలం ఇబ్రహీం సాబు పోయిండు,
లోకో షెడ్డుల ఫిట్టరు.
తొమ్మిది రోజులకు డీజిల్ కాలనీ అబ్రాహాము,
చర్చి గంట కొట్టెటాయన.
రెండు కాగితాలు ఒకే ఇటుక కింద పెట్టిన.
ఒకదాని మొదట నిలువుగ ఒక్క గీత,
మూడు దెబ్బల పని.
ఇంకోదాని మొదట అ,
తిప్పి తిప్పి మణికట్టు గుంజింది.

పాస్టరు దయానందం చూసి నవ్విండు:
"రెండూ ఒక్కటే పేరు, ఓదెలూ."
నేను నమ్మలే. గీతల లెక్క కలువలే.

అప్పుడు యాదికొచ్చింది
సమాధుల తోట మూలకు, సీతాఫలం పొద కింద
మా తాత చెక్కిన రాయి.
నైజాం రైళ్ల కాలం. బొంబాయి దిక్కు నుంచి వచ్చిన గార్డు,
శనివారం పొయ్యి ముట్టియ్యకపోయేదట.
ఆయన భార్య బొగ్గుతోని అక్షరాలు గీసిచ్చిందట.
తాత అలవాటుగ ఎడమ నుంచి ఉలి పెడితే
ఆమె ఏమనకుంట
చెయ్యి పట్టి కుడికి జరిపిందట.
మొదటి అక్షరం:
వాలిన దూలానికి అటొక కట్టె, ఇటొక కట్టె ఆనిచ్చినట్టు.

పాస్టరు ఫోన్ల ఫోటో తీసుకపోయిండు.
ఆదివారం పొద్దుగూకినంక వచ్చి చెప్పిండు:
"అవ్రాహాం."
అంతే అని కూసున్నడు.

మొల్సాబు కూడ ఉన్నడు, చాయ్ చల్లారుతున్నది.
ఆయన చెప్పిండు:
గా పెద్దమనిషి నాయిన బొమ్మలు చెక్కెటోడు.
ఊరంత జాతరకు పోయినప్పుడు
కొడుకు గొడ్డలి పట్టి అన్నిటినీ పగలగొట్టి
పెద్ద బొమ్మ మెడకు గొడ్డలి తగిలిచ్చి
"దాన్నే అడుగుండ్రి" అన్నడట.
"మా పుస్తకంల గా ముచ్చట లేదు" అన్నడు పాస్టరు.
"నాయిన పేరు తెరహు అని మాత్రం ఉన్నది."
"ఆజర్" అన్నడు మొల్సాబు.
కొద్దిసేపు ఇద్దరూ మాట్లాడలే.
కొడుకు పేరు మూడు రాళ్ల మీద కలిసింది,
నాయిన పేరు రెండు నోళ్లల్ల కలువలే.

వాళ్లు పోయిన్రు.
నా ముందు పోచమ్మ, ముక్కు దాక వచ్చి ఆగింది.
బోనాలకు ఇంక పన్నెండు రోజులు.
నాకు ఆ కొడుకు మీద మనసు పోలే.
నాయిన మీదికే పోయింది.
ఎన్ని నెలల పనో. ఎవరెవరి బయానా తిని ఉన్నడో.
జాతర నుంచి వచ్చి, చెప్పులిడువక ముందే చూసిండో ఏమో.
తిట్టి ఉంటడు. ఏడ్చి ఉంటడు.
అందరు పోయినంక, దీపం దగ్గరికి
ఒక ముక్క పట్టుకపోయి ఉంటడు.
పని తెలిసినోడు చూడకుంట ఉండడు:
పగులు రాతి నరం వెంట పోయిందా, అడ్డంగ పోయిందా అని.
బొటనవేలు అంచు మీద నడిపిచ్చి,
ఒక్కటే దెబ్బ, వంకర లేదు అనుకుని,
ఆ దెబ్బ నేర్పింది తానేనని యాదికొచ్చి,
ముక్కను కింద పెట్టబుద్ధిగాక
చాన సేపు అట్లనే కూసుని ఉంటడు.