ఈ రోజు సైకిళ్ళు తిరగవు

తెల్లారకముందే రొట్టెల కుర్రాడు వచ్చాడు
సైకిల్ని మొండి మేకలా నడిపించుకుంటూ.
గంట ఊడదీసి జేబులో వేసుకున్నాడు.
"ఈ రోజు ట్రింగుమంటే పోలీసులు ఊరుకోరక్కా" అన్నాడు,
నాలుగు రొట్టెలిచ్చి, చిల్లర మర్చిపోయి.

నాయనమ్మ నాకు రాత్రే నేర్పించింది
అన్నం గిన్నె ముందు పెట్టి
ఆల్చిప్ప పెంకు చేతికిచ్చి.
"ఇలా గొట్టంలోకి వదిలెయ్.
చెయ్యి వణికితే వణకనీ, గోళీకి వణుకు తెలీదు.
డ్రమ్ములో గంట ఒక్కసారే మోగాలి.
రెండోసారి మోగిందా, నిన్ను దొంగంటారు.
అసలు మోగలేదా..."
అక్కడ ఆగిపోయింది.
పెంకు గిన్నెలో పడి ఠంగుమంది.
పక్కింటి కోడి లేచింది.

ఆవిడ అలాగే ఆగుతుంది చాలా మాటల దగ్గర.
వార్తల వేళకి రేడియో గొంతు నొక్కేస్తుంది.
"ఆ రోజులు పోయాయిగా" అంటే
గోడ వైపు చూస్తుంది,
గోడ ఏమంటుందో అని.

నాకు పందొమ్మిది.
గాంబియా నది పాయల్లో, మడ చెట్ల వేళ్ళకి
అంటుకున్న ఆల్చిప్పల్ని కత్తితో గీకి
ఉడకబెట్టి, కప్పు లెక్కన అమ్ముతాం.
లారీ మీద మైకు పట్టుకున్నాయన అన్నాడు:
వంతెన, కరెంటు, శీతల గిడ్డంగి, వేలకి వేలు ఉద్యోగాలు.
నేను వేళ్ళు మడుస్తూ వచ్చి
గిడ్డంగి దగ్గర ఆగిపోయా.
ఐసు ఒక్కటుంటే చాలు,
మధ్యాన్నానికి కుళ్ళే సరుకు సాయంత్రం దాకా ఆగుతుంది,
బేరంలో మేమూ కాసేపు ఆగగలం.
ఇంత చిన్న కోరికకి అంత పెద్ద ఎన్నికా
అని సిగ్గేసింది కూడా.

అన్సుమానా రానన్నాడు.
మామిడి చెట్టు కింద బొగ్గుల మీద టీ కాస్తూ
ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి ఎత్తి పోస్తూ
"మూడో వాయి దిగేసరికి ఎవడు గెలిచినా
చక్కెర ధర మారదు" అన్నాడు.
పేరు రాయించుకోడానికి నాకంటే ముందు నిలబడ్డవాడు.
కార్డు మీద ఫోటోలో ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.
ఆ తర్వాతే వాళ్ళన్న రాత్రివేళ పడవెక్కాడు.
ఆ ఫోను ఇప్పటికీ మోగదు.

వరసలో నా ముందు నిండు గర్భిణి,
నా వెనక కుర్చీ మోసుకొచ్చుకున్న ముసలి దర్జీ.
లోపలికెళ్ళిన ప్రతి మనిషికీ ఒక ఠంగు.
బయట మేమంతా లెక్కపెడుతున్నాం,
లెక్కపెట్టట్లేదన్నట్టు మొహాలు పెట్టి.

"న్యిమా జార్జు."
గుండె గుబేలుమంది.
అరచేతిలో గోళీ పడింది, చల్లగా.
చిన్నప్పుడు ఇసకలో గుంట తవ్వి
అన్సుమానాతో ఆడి ఓడిపోయి ఏడ్చింది
ఇలాంటి దాని కోసమే.

తెర వెనక కొత్త రంగు వాసన.
డ్రమ్ముల మీద ఫోటోలు నా వైపే చూస్తున్నాయి
అప్పిచ్చే చుట్టాన్ని చూసినట్టు.
ఏ డ్రమ్మో చెప్పను.
వదిలాను.
గొట్టంలో గరగరమని జారింది.
తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేనంతసేపూ
రేడియో, గోడ, ఆ మోగని ఫోను.

ఠంగ్.

బయట నాయనమ్మ
(ఒక చెవి ఎప్పుడో పోయింది)
వేలు పైకెత్తి నిలబడుంది.
"ఒక్కటే," అంది. "విన్నాను."

పొద్దువాలాక
గుంటల పళ్ళేల్లో గోళీలు పోసి సర్దుతుంటే
కిటికీ ఊచలు పట్టుకుని చూశా.
అన్నీ ఒకే పోలిక.
అయినా నాది వెతకడం మానలేదు.
ఎప్పుడొచ్చాడో అన్సుమానా,
వేలికి సిరా లేదు, చేతిలో టీ గ్లాసు.
"నీకు గోళీలాట ఎప్పుడూ రాదు" అన్నాడు.
అని, కిటికీ దగ్గర్నించి కదల్లేదు.

అప్పుడే వీధి చివర
రొట్టెల కుర్రాడు గంట బిగించుకుని
గట్టిగా ఒకసారి కొట్టాడు, పనిచేస్తోందో లేదో అని.
వీధంతా ఉలిక్కిపడి తిరిగింది.
లోపల గోళీలు సర్దుతున్న చెయ్యి కూడా
పళ్ళెం మీద అలాగే ఆగింది.