కారం చేతులు

గోడ మీద ఇది నాలుగో పోస్టరు.
కింద మూడున్నాయి, మైదా జిగురుతో ఒకదాని మీద ఒకటి.
మూల లేచినచోట గోరు పెట్టి లాగితే
పాత మాట బయటికొస్తుంది:
ఏడాదికోసారి.
దాని మీద, మూడేళ్లకు.
దాని మీద, వెనిగర్ దూది, ముప్పై దాటితే ఐదేళ్లకు.
ఇవాళ్టిది ఇంకా తడిగానే ఉంది,
మీ చేత్తో మీరే తీసుకోవచ్చు అంటోంది.

సర్క్యులర్ మారినప్పుడల్లా
వీధి వీధి తిరిగి నా మాట నేనే కాదన్నాను.
ఆనందపేటలో ఒక ముసలమ్మ అడిగేసింది:
"అప్పుడు ఏటా అన్నావు, ఇప్పుడు ఐదేళ్లంటన్నావు,
జబ్బు నెమ్మదించిందా, మీకు డబ్బు తగ్గిందా?"
నవ్వేసి వచ్చాను.
తర్వాత ట్రైనింగులో చెప్పారు,
వైరసు ముందొస్తుందట, పుండు ఏ పదేళ్లకో వస్తుందట,
ముందొచ్చేదాన్ని పట్టుకుంటే
ఏటా తలుపు కొట్టక్కర్లేదట.
నచ్చింది నాకు, నిజంగానే.
చెబుదామని వెళ్తే ముసలమ్మ ఇల్లు మారిపోయింది.

ఏటా రమ్మన్న రోజుల్లో
ఒక్క ఏడూ రాలేదు రాహేలు.
బల్లెక్కి కాళ్లు ఎడం చెయ్యాలంటే
"పెళ్లాడినోడి ముందే దీపం ఆర్పించినదాన్ని సిస్టరూ" అంది.
రిజిస్టర్లో ఆమె పేరు పక్కన
మూడుసార్లు 'రాలేదు' అని రాసింది నేనే.
నాలుగో ఏడు తనంతట తనే వచ్చి
"ముట్లుడిగాక మళ్లీ ముట్టొచ్చింది, వయసు తిరిగొచ్చినట్టుంది" అని
పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.
జీజీహెచ్‌కి చీటీ రాస్తుంటే
పెన్ను ఆగింది, ఇంకు అయిపోయి కాదు.
ఐదో గడిలో ఏమీ రాయలేదు.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి మస్తాన్‌బీ.
ఆమె కంటే ముందు ఆమె పని లోపలికొచ్చింది,
కాంపౌండరు తుమ్మాడు, ఫ్యాను కింద పసిబిడ్డ తుమ్మింది.
ఏటుకూరు రోడ్డు కొట్లో తేజ కాయలకి తొడిమలు తీస్తుంది.
వయసెంతంటే
"దివిసీమ ఉప్పెనకి అమ్మ కడుపులో ఉన్నానంట."
నలభై ఎనిమిది వేసుకున్నాను.
బ్రష్షూ గొట్టమూ చేతికిచ్చి
"తెర వెనక్కెళ్లు, ఎవరూ చూడరు, నీ చేత్తో నువ్వే" అన్నాను,
పండగ మాట చెప్పినట్టు.

ఆమె కదల్లేదు.
అరచేతులు తిప్పి చూపించింది.
"ఈ చేతులా?"
వేళ్ల కొసలు పగిలి, పగుళ్లలో ఎరుపు.
"వీటితో కంట్లో నలక తీసుకోను నేను.
దొడ్డికెళ్తే చేతికి కవరు చుట్టుకుంటా.
బిడ్డ పాలకేడిస్తే మా అత్త వచ్చి పట్టించేది.
అక్కడ పెట్టుకోమంటావా, చస్తా."

సర్క్యులర్ పదకొండు పేజీలు.
నిలబడే తిరగేశాను.
వయసుంది, ఏళ్లున్నాయి,
గొట్టాన్ని ఎంత చల్లగా ఉంచాలో ఉంది.
గుంటూరుకు పంపిన కాయితంలో
కారం లేదు.

"నీళ్లకి పోదు, నూనెకి పోద్ది" అంది తనే,
నాకు తెలియదని తెలిసిపోయి.
కొబ్బరినూనె తెప్పించాను, టీకొట్టు పక్కన, పది రూపాయల సీసా.
నూనె, సబ్బు, మళ్లీ నూనె, మళ్లీ సబ్బు.
నాలిక కొసతో వేలు చూసుకుని
"ఇంకా ఉంది" అంది. ఇంకోసారి.
ఆఖరికి గ్లౌజులు, ఒకదాని మీద ఒకటి.
నేను గోడవైపు తిరిగి
తడి పోస్టరు మూల అదుముతూ నిలబడ్డాను.

తెర కదిలింది.
గొట్టం బల్ల మీద పెట్టి,
"ఇంతేనా? ఇంతదానికేనా
ఇన్నేళ్లు మమ్మల్ని బల్ల చూపించి భయపెట్టారు?"
కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

ఆమె వెళ్లాక పోస్టరు కింద
ఎర్ర స్కెచ్చుతో రాశాను:
యార్డువాళ్లు ముందు చేతులకు నూనె.
ఐదో పోస్టరు వస్తే ఇది కిందికి పోతుంది, పోనీ.

ఇంకొకటి చూశాను.
తెర అవతల ట్యూబులైటు,
దాని స్విచ్చు ఇవతల, నా కుర్చీ వెనకాల.
అటువైపు మార్చమని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను.
రేపొస్తానన్నాడు.
రాహేలూ,
రేపొస్తానన్నాడు.