పోగు తెగితే

రాత్రి పదకొండున్నరకి
మినీ బైపాసులో మా షెడ్డు ముందు
క్వాలిస్ ఒకటొచ్చి నిలబడింది.
ఒకప్పుడు తెల్లది.

"ఏడు లక్షల కిలోమీటర్లప్పుడు
మీటరు చచ్చిపోయిందన్నా,
ఇంజనుకి ఆ సంగతి ఇంకా తెలవదు"
అన్నాడు మాలకొండయ్య.

ఇరవయ్యేళ్ళుగా ఇవే మాటలు.
కృష్ణపట్నం ఉప్పుగాలికి తలుపులు తుప్పుపట్టి రాలినా,
ముత్తుకూరు రొయ్యపిల్లల సంచులు మోసి మోసి
సీట్ల కింద సముద్రం వాసన కాపరం పెట్టినా,
పెన్న పొంగిన ఏడు బంపరు దాకా నీళ్ళలో నానినా
తాళం తిప్పితే
ఒకసారి దగ్గి, లేచి, పోతంది.
జపానోడి బండి ఆగదు.
నెల్లూరులో ఈ మాట మీద అప్పు కూడా పుడతంది.

నాకు మాత్రం నవ్వొస్తది.
ఆ కంపెనీ కథ మొదలైందే ఆగడంతో.

ఉస్తాదు జిలానీ చెప్పాడు,
మద్రాసులో ట్రైనింగయి వచ్చిన రోజు
స్పానర్లు తుడుచుకుంటా:
"వాళ్ళు ముందు కార్లోళ్ళు కాదురా, మగ్గాలోళ్ళు."
వడ్రంగి కొడుకొకడు
వాళ్ళమ్మ నేతలో పడే అగచాట్లు చూసి
చెక్క చెక్కీ చెక్కీ
ఏళ్ళ తరబడి మగ్గాలు చేశాడంట.
ఆఖరికి తేలినదాని గొప్ప నెయ్యడంలో లేదు.
ఒక్క పోగు తెగితే చాలు,
తనంతట తనే ఆగిపోతదంట.

పాటూరుకి పోయి మా నాయన చెంగయ్యకి చెప్పా.
నాడె చేతిలోనే పట్టుకుని విన్నాడు,
గుంటలో తొక్కుడు చెక్క మీంచి కాలు తియ్యకుండా.
"పోగు తెగితే ఆగడానికి యంత్రం దాకా ఎందుకురా,
నా బొటనవేలికి తెలవదా" అన్నాడు.
వేళ్ళు తడుపుకుని ముడి వేశాడు.
ఆ ముడి ఎక్కడుందో
చీర కట్టుకున్నామెకి ఎప్పటికీ తెలవదు.

కొంచేపాగి ఆయనే, "తర్వాత?"

ఆ మగ్గం హక్కులు ఇంగ్లండోళ్ళకి అమ్మారంట,
కొడుకు కార్ల మీద పడ్డాడంట.

గుంటలో కూచునే పకపకా నవ్వాడు.
"తెల్లోడికి మగ్గం అమ్మి
డబ్బులు వసూలు చేసినోడు
లోకంలో ఒకడన్నా ఉండాడే!"
ఆ రోజంతా నేస్తానే నవ్వతన్నాడు.
చీర జానెడు తక్కువ దిగింది.

తర్వాత మా చీర పేరు పెట్టుకుని
మా ఊరు మొహం చూడని చీర
సగం ధరకి అంగళ్ళకొచ్చింది.
మా వీధిలో పదకొండు మగ్గాలు రెండయ్యాయి.
నేనూ గుంటలోకే దిగా.
పైన మగ్గం బదులు బండి.

వాళ్ళ ఫ్యాక్టరీలో ఒక తాడు వేలాడతంటదంట.
తప్పు కనపడితే ఏ పనోడైనా లాగొచ్చు,
లైను ఆగాల్సిందే,
ఎవరూ తిట్టరంట.
ఈ చివరి ముక్క నేను నమ్మను.
ఒకేడు లక్షల బండ్లు వెనక్కి పిలిపించి
పెద్దోళ్ళే క్షమించమన్నారని పేపర్లో చదివా.
ఎక్కడో ఎవడో తాడు లాగుండడు.
లాగితే ఎవడో తిట్టుంటాడు.

ఇప్పుడు గుంటలోంచి టార్చి వేస్తే
బ్రేకు లైనింగు రేకు దాకా అరిగుంది.
మాలకొండయ్య కళ్ళు అంతకన్నా అరిగున్నాయి.
తిరుపతి, ఒంగోలు, మళ్ళీ తిరుపతి,
మూడు రాత్రిళ్ళు.

ఓనరు ఫోను:
"ఆ బండికేం కాదబ్బా, టయోటా!
ఆయిలు మార్చి పంపీ,
నాలుగింటికి పెళ్ళోళ్ళుండారు."

"తొమ్మిదికి గానీ అంగడి తియ్యరు" అన్నా.
తిట్టాడు.
తాళం చొక్కా జేబులో వేసుకున్నా.

మాలకొండయ్య
పాత సీటొకటి నేలమీదికి లాక్కుని
చెప్పులతోనే పడుకున్నాడు.
ఫోను మళ్ళీ మోగింది.
మోగనిచ్చా.

నిద్రలో వాడి ఎడంకాలు
లేని క్లచ్చుని
తొక్కతానే ఉండాది.