రిమార్కుల గడి

అనంతపురం కలెక్టరేట్‌లో
జి సెక్షన్ బీరువా కింది అరలో ఒక ఫైలుంది,
నా కొడుకు కంటే రెండేళ్ళు పెద్దది.
వాడు మొన్న పదో తరగతి రాసినాడు.
దీనికింకా అటవీశాఖ జవాబు రాలేదు.

కాలువ. ముప్పై ఏడు కిలోమీటర్లు.
కాగితం మీద నీలి సిరా గీత.
ఆ గీత ఒక్కసారి తడవకముందే
తొమ్మిదిమంది కలెక్టర్లు మారినారు,
అంచనా మూడింతలైంది,
ట్యాగు దారం చీకిపోతే
నేనే రెండుసార్లు మార్చినాను.

"పరిశీలించి పంపగలరు" అని పైకి,
"వివరణ కోరడమైనది" అని కిందికి,
హైదరాబాదుకు పోయి,
రాష్ట్రం విడిపోయినాక అమరావతికి పోయి,
ఒకసారి దావ తప్పి పశుసంవర్ధక శాఖకు పోయి
ఆడ ఎనిమిది నెలలు మేసి వచ్చింది.

అంతలో బోర్లెండినాయి.
చీనీచెట్లు కొట్టి బట్టీలకు తోలినారు.
ఎరికల పెద్దన్న ప్రతి సోమవారం వచ్చి
"ఎంతవరకొచ్చిండాది సామీ" అని అడిగేవాడు,
చెప్పులు బయటే విడిచి.
ఒక సోమవారం రాలేదు.
ఆ తర్వాతా రాలేదు.
నేనెవర్నీ అడగలేదు.

ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది.
ఒకే కిటికీ. ఇరవై ఒక్క రోజులు.
ఆలోగా ఏ శాఖా నోరు విప్పకపోతే
ఒప్పుకున్నట్టే లెక్క.
సూపరింటెండెంట్ పంకజవల్లి మేడం
సెక్షనంతా మైసూర్‌పాక్ పంచింది.
నేనూ తిన్నాను. అబద్ధమెందుకు, తియ్యగానే ఉండింది.

"ఇమాంసా, పాత ఫైలు స్కాన్ చెయ్యి" అన్నారు.
ఐదొందల పన్నెండు పేజీలు.
మూడొందల నలభయ్యో పేజీ కాడ చెయ్యి ఆగింది.

హైస్కూలు ఆవరణలో షామియానా, ప్రజాభిప్రాయ సేకరణ.
రాసుకునేదానికి నన్నే కూచోబెట్టినారు.
అందరూ నీళ్ళు కావాలన్నారు, చప్పట్లు కొట్టినారు.
వెనకాల నుంచి కుళ్ళాయమ్మ లేచింది.
మైకిస్తే వద్దంది.

"గీత బాగుండాది నాయినా.
అయితే ఈడ మా వంక మీద పోతాంది.
ఒట్టి ఇసకే కదా అనుకోవద్దండి.
పదేండ్లకొక తూరి పారుతాది.
పారిన్నాడు దానికి దావ లేకుంటే
ఊర్లేకొస్తాది."

ఇంజనీరు నవ్వినాడు.
నేను రాసినాను.
కింద ఆమె వేలిముద్ర
ఊదా రంగులో, నీళ్ళు సుడి తిరిగినట్టు
ఇప్పటికీ ఉంది.

ఎవరో, ఎక్కడో, పై ఆఫీసులో
ఆ పేజీ నిజంగానే చదివినారు.
వంక కాడ ఆరు తూములు పెట్టమని తిరిగి పంపినారు.
తూములు గీసేదానికి రెండేళ్ళు పట్టింది.
ఆ రెండేళ్ళు కూడా
జాప్యం ఖాతాలోనే పడినాయి.

కొత్త ఫారంలో
సర్వే నంబరుకు గడి ఉంది,
అక్షాంశానికి, అంచనా వ్యయానికి, సంతకానికి.
నాకు ఇరవై ఒక్క రోజుల మీద కోపం లేదు.
పెద్దన్నకైతే అవే చాలివుండేవి.
వంకకు చాలవు.
పదేండ్లకొక తూరి మాట్లాడేదాని మౌనాన్ని
మూడు వారాల్లో
ఒప్పుకోలు అని ఎట్లా రాసేది?

చిట్టచివర రిమార్కుల గడి ఒకటుంది.
యాభై అక్షరాలకు మించి పట్టదు.
అటూ ఇటూ చూసి కొట్టినాను:
వంక ఉంది. పారుతుంది. కుళ్ళాయమ్మను అడగండి.

చుక్కలు కుదరవంది మిషను.
చుక్కలు తీసేసినాను.
ఆగకుండా ఒక్క ఊపిరితో చదవాల ఇంక,
చదివేవాళ్ళంటూ ఉంటే.