రెండో మీట

బరంపురం పెద్దాసుపత్రి, కింది అంతస్తు.
ఏసీ హోరు తప్ప ఏ ఋతువూ దిగిరాని గది.
కొత్తలో ఈ యంత్రానిది ఇంగ్లీషు గొంతు.
ఒకటో మీటలో ఒడియా, రెండో మీటలో తెలుగు
నేనే నింపాను, ఒక మధ్యాహ్నం, జలుబుతో:
"ఊపిరి తీసుకోండి. బిగపట్టండి. ఇక వదలండి."
ఆ జలుబు ఇప్పటికీ అందులోనే ఉంది.

ఇవాళ చివరి మనిషి దానెమ్మ, గోపాల్‌పూర్ రేవు.
నలభై ఏళ్ళ అడ్డపొగ.
"ఉప్పుగాలికి ఆరకుండా ఉండాలంటే
నిప్పుకి నోటికన్నా ఇల్లేటుంది బాబూ?"
అంగిట్లో తెల్లటి మచ్చ, నడుమ పుండు.
ఎముక దాకా తొలిచిందా,
ఊపిరితిత్తుల్లో ఎక్కడైనా గింజ రాలిందా,
చూడాలి.
"ఎంతసేపు పట్టాలేటి?"
పది సెకన్లమ్మా.
"అంతేనా! బండకి సిక్కిన వల ఇప్పడానికి
మా ఆయన మునిగినప్పుడల్లా
ఒడ్డున నాను పట్టీదాన్ని, ఆడు తేలీదాకా."

తెర మీదికి ముక్కలు ముక్కలుగా దిగింది దానెమ్మ.
ఒక్క ముక్కా చెదరలేదు.

బూడిదరంగుకి నాలుగు వేల మెట్లుంటాయంటుంది
డాక్టర్ నిబేదిత.
మన కళ్ళు ముప్పయ్యో మెట్టు దగ్గరే కూలబడతాయట.
మిగతా మెట్ల మీద ఎవరు కూర్చున్నారో
లెక్క కడుతుంది ఆమె, మూడేళ్ళుగా,
పగలు ఉన్నవాళ్ళలో,
రాత్రి పోయినవాళ్ళలో.

పదిన్నరకి వెనక గుమ్మంలోంచి తెచ్చారతన్ని.
రంభ దగ్గర చిలికలో తేలాడు.
నాలుగు రోజుల నీరు. ముఖం లేదు.
పేరు రాసేచోట కానిస్టేబుల్ సాహు గీత గీశాడు.
మునిగి పోయాడా, పోయాక మునిగాడా?
కత్తి పెట్టకముందే ఒకసారి అడుగుదాం, అంది నిబేదిత.

పక్క తెర మీద దానెమ్మ ఇంకా తెరిచే ఉంది.
మీట మార్చడం మర్చిపోయాను.

బల్ల కదిలింది.
"ఊపిరి తీసుకోండి," అంది నా గొంతు,
మర్యాదగా, ముక్కుతో.
"బిగపట్టండి."
సాహు టోపీ తీశాడు.
గదిలో బతికున్న ముగ్గురం బిగపట్టాం.
ఎందుకో ఎవరమూ ఎవరినీ అడగలేదు.
"ఇక వదలండి."

ముగ్గురమే వదిలాం.

ఇంత నిలకడైన బొమ్మ నా సర్వీసులో రాలేదు.
నాలుక కింద లాడంలాంటి చిన్న ఎముక,
దాని ఎడమ కొమ్ము విరిగి ఉంది.
ఇది నీళ్ళు చేసే పనిలా లేదు, అంది నిబేదిత.
రేపు కత్తి కూడా చెప్పాలి, అని కూడా అంది.

నుదుటి ఎముకలో గాలిగది ఉంటుంది,
ఏ ఇద్దరికీ ఒకే అంచు ఉండదు.
ఆ అంచు పట్టుకుని పాత బొమ్మల్లో వెతికితే
తెల్లవారుజామున నాలుగింటికి దొరికాడు.
రెండేళ్ళ కింద, తలనొప్పని వచ్చాడట.
కొలిచాం, చూశాం, "ఏమీ లేదు" అని రాసి పంపాం.
నిజంగానే ఏమీ లేదు అప్పుడు.
చివరి గడిలో: వాడిన మీట, రెండు.

అయితే ఈ గొంతు అతను ముందే విన్నాడు.
విని, బిగపట్టి, వదిలి,
చొక్కా తొడుక్కుని, బస్సు టైము అడిగి ఉంటాడు.
నాకు ముఖం గుర్తు లేదు.

సాహు గీత మీద పేరు రాస్తూ ఆగాడు,
ఒడియాలో ఎలా రాయాలని.
సూరాడ కామయ్య.
ఒక్కో అక్షరం పలికాను.
జలుబు తగ్గి ఎన్నేళ్ళయిందో,
గొంతు మాత్రం అలాగే వచ్చింది.