ఇంకేమైనా మార్పులు?

స్వాన్సీలో, రేవుకి ఎదురుగా, మూడో అంతస్తులో
చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని
రోజుకి నలభైసార్లు ఒకే ప్రశ్న అడుగుతాను:
"కంపెనీ నుంచి వచ్చాక బండికి ఏమైనా మార్పులు చేయించారా?"

అప్పుడొక నిశ్శబ్దం వస్తుంది.
నాకు జీతమిచ్చేది దాన్ని వినడానికేనేమో అనిపిస్తుంది ఒక్కోసారి.
ఏమీ చేయనివాడు వెంటనే లేదంటాడు.
చేసినవాడు గొంతు సవరించుకుని
"మార్పులంటే... ఏపాటి మార్పులు?" అంటాడు.
నేనింకా గుమ్మడికాయ మాటెత్తకుండానే
భుజం తడుముకుంటున్న చప్పుడు వైరు దాటి వస్తుంది.

ఆ చప్పుడు నాకు ఇంట్లోనే అలవాటు.
వెనక సందులో మా తమ్ముడు గెథిన్
కోర్సా కింద పడుకుని ఉంటాడు, కాళ్ళు మాత్రం బయట.
స్ప్రింగులు మార్చి బండిని ముప్ఫై మిల్లీమీటర్లు నేలకి దించాడు.
నీత్‌లో ఎవడి దగ్గరో బేరమాడిన చక్రాలు.
పోర్ట్ టాల్బట్ దాకా వినపడే సైలెన్సరు,
దానికి ఆ పేరెవరు పెట్టారో గాని.

"చెప్తే ఎంత పెరుగుతుంది?"
"నాలుగొందల పౌండ్లు. ఇంకా ఎక్కువేమో."
"చెప్పకపోతే?"
"ఏమీ కాదు,
ఏదైనా అయ్యేదాకా."
కిందటేడు ఒక కుర్రాడి ఫైలు చూశాను.
తప్పు ఎదుటి వ్యానుదే.
పై అంతస్తు వాళ్ళు మాత్రం ఫోటోలో చక్రాలనే చూశారు.
అది కూడా చెప్పాను.
రెంచి తిరగడం ఆగింది. మళ్ళీ మొదలైంది.
"ఇంతకీ నువ్వు అక్కవా, కంపెనీవా?"
టీ కప్పు టైరు మీద పెట్టి లోపలికొచ్చేశాను.

మంగళవారం. వాన. భోజనానికి పది నిమిషాల ముందు
ఎమ్రిస్ ప్రాసర్ అనే పెద్దాయన, అమన్‌ఫర్డ్ నుంచి.
ప్రశ్న అడిగాను. నిశ్శబ్దం వచ్చింది,
గొంతు సవరింపు లేనిది,
వెనకాల గోడగడియారం ఉన్నది.
"క్లచ్ పెడల్ మీద ఒక చెక్కముక్క ఉందమ్మా.
మెన్నా పొట్టిది, కాలు అందేది కాదు.
పాత బీరువా తలుపు కోసి రెండు బోల్టులు బిగించాను.
పంతొమ్మిదేళ్ళయింది.
ఏటేటా మార్పులు లేవనే రాశాను.
మార్పని తట్టలేదు మరి.
మా ఆవిడ కాలు కదా అది."

"ఇప్పుడు ఎవరు నడుపుతున్నారండీ?"
"నేనే. మార్చి నుంచి నేనొక్కణ్ణే.
మోకాలు స్టీరింగుకి తగులుతోంది."

తెర మీద జాబితా అంతా వెతికాను.
స్పాయిలరు ఉంది, టర్బో ఉంది, నల్లద్దాలున్నాయి.
బీరువా తలుపు లేదు.
"తీసేస్తే రాయక్కర్లేదండీ," అన్నాను,
అని నాలుక కరుచుకున్నాను.
"తియ్యను," అన్నాడు, కోపం లేకుండానే.
"అందుకేగా ఫోన్ చేసింది. రాసుకో."

'ఇతరములు' అన్న గడిలో రాశాను:
చెక్క. ఒకటి. అంగుళంన్నర మందం.
లెక్క తేలింది, ఏడాదికి తొమ్మిది పౌండ్లు ఎక్కువ.
"అంతేనా?" అన్నాడాయన,
వెల తక్కువ కట్టామని నొచ్చుకున్నట్టుగా.

ఆఫీసు మాటలు బయట చెప్పకూడదు.
ఊరూ పేరూ మార్చి గెథిన్‌కి చెప్పాను.
ఇక్కడా అవే మార్చిన పేర్లు,
ఆ మార్పు ఏ గడిలోనూ రాయలేదు.
వాడు బండి కింద నుంచే విన్నాడు.
"తొమ్మిది పౌండ్లకి ఎవడైనా నిజం చెప్తాడే," అన్నాడు.
దానికి నా దగ్గర జవాబు లేదు.
ఉన్నట్టు కాసేపు నిలబడ్డాను.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే
కిటికీలోంచి సన్నగా ఒక బాణీ.
మా కంపెనీదే, లైన్లో ఆగమన్నప్పుడు మోగేది,
నిద్రలో కూడా పోల్చుకుంటాను.
బండి కింద నుంచి వస్తోంది.
చేతులు నీళ్ళలోనే ఉంచి విన్నాను
ఆరు నిమిషాలు, ఏడు.

తర్వాత ఆగిపోయింది.
అవతల ఎవరైనా ఎత్తారో
వీడే పెట్టేశాడో
కాళ్ళని చూసి చెప్పలేకపోయాను.