పిండిన నీళ్ళు

సోరకాయ తురిమి, ఉప్పు చల్లి,
పావుగంట గమ్మున కూర్చోమన్నాడు తమ్ముడు మాలకొండయ్య.
ఓడలో పదకొండేళ్ళు గరిటె తిప్పినోడు,
వినక తప్పుద్దా.

"ఇప్పుడు పిండక్కా."
పిండినా.
"ఇంకా."
పాత పంచెగుడ్డలో మూటగట్టి
తడి దుప్పటి మెలేసినట్టు మెలేసినా.
గిన్నెడు నీళ్ళు దిగినాయి, లేత పచ్చగా.

సలోనికా రేవులో ఒక ముసలమ్మ నేర్పిందంట,
యూదులావిడ.
మన కరేడు పేరు ఆమెకు నోరు తిరక్క
"కరీదో" అనేదంట.
ఆమె వండే కాడ పేరు ప్రాసా,
మన ఉల్లికాడకి పెద్దక్క లాంటిదంట.
కందుకూరు సంతలో అడిగితే
కూరగాయల కోటమ్మ నవ్వి
రెండు కట్టలు ఉల్లికాడలే చేతిలో పెట్టింది.

కైమా, గుడ్డు, నానిన బ్రెడ్డు ముక్క.
శనగపిండి డబ్బా తీయబోతే చెయ్యి పట్టుకున్నాడు:
"అదేస్తే పకోడీ అయిపోద్ది."

మొదటి వాయ నూనెలో చెదిరిపోయింది.
రెండోది కూడా.
వాడు పొయ్యి మంట మీద నెపం పెట్టి
సిలిండరు దగ్గర వంగున్నప్పుడు
గుప్పెడు పిండి కలిపేసినా.

మూడో వాయ ఎర్రగా తేలింది.
ఒకటి కొరికి, నోరు కాలినా ఉమ్మకుండా
కళ్ళు మూసుకున్నాడు.
"అచ్చం ఆమె చేతివే."

పిలకాయలు గోంగూర పచ్చడి అద్దుకుని తింటా ఉన్నారు.
నేనేం మాట్లాడలా.
పిండిన నీళ్ళు పారబోయకుండా
పప్పుచారులో పోసినా.
ఆ రాత్రి ఉప్పు జాస్తయిందని
ఎవురూ అనలా.